గేటు దాటకు అల్లుడా

శక్కర్‌నగర్, బోధన్



ఫోన్లో చెబితే "సరే మామా" అని పెట్టేస్తావు. అందుకే రాసి మీ అమ్మ చేతికిచ్చి పంపుతున్నా.

2023 జనవరిలో బంజారాహిల్స్‌లో నీ ఈడు పిల్లగాడే, మూడో అంతస్తులో ఆర్డర్ ఇవ్వబోతే జర్మన్ షెపర్డ్ మీదికొచ్చింది. తప్పించుకోబోయి కిందపడి, నిమ్స్‌లో ప్రాణం విడిచాడు. అదే ఏడు మేలో మణికొండలో ఇంకో డెలివరీ మనిషి డాబర్‌మ్యాన్‌కు భయపడి మూడో అంతస్తు నుంచే దూకిండు. ఎముకలు విరిగినా బతికిండు. ఇద్దరినీ దెబ్బతీసింది కుక్క పళ్లకన్నా ఆ పరుగే.

కనుక గేటు బయటనే ఆగి ఫోన్ చెయ్యి. కుక్కను కట్టేసినంకనే లోపలికి పో. "మాది కరవదు బాబూ" అంటరు. వాళ్లను కరవదు, నిజమే. "కుక్క ఉంది జాగ్రత్త" అనే బోర్డు లేని ఇంటి దగ్గర ఇంకా జాగ్రత్త. రేటింగ్ తగ్గితే తగ్గనీ.

వీధికుక్కల తీరు వేరు. రాత్రి చికెన్ సెంటర్లు మూసే వేళ గుంపు కడతాయి. చలికాలంలో పిల్లల్ని పెట్టిన తల్లి దగ్గరికైతే అసలే పోవద్దు. ఇక్కడ 2015లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డంక పాడుబడ్డ క్వార్టర్ల మధ్య నేను ఉత్తరాలు పంచినోణ్ణి, వాటి గుణం నాకు తెలుసు. బండి వెంట పడితే రేజ్ చెయ్యకు, మెల్లగా ఆపు. చాలావాటికి ఉరికేదాన్ని తరమడమే సరదా, ఆగితే వదిలేస్తయి. నడుస్తుంటే కళ్లల్లోకి చూడకుండా, బ్యాగు అడ్డం పెట్టుకొని వెనక్కి జరుగు. నా తపాలా సంచి నాకట్లనే డాలైంది. కిందపడితే ముడుచుకొని మెడ, మొహం చేతులతో కప్పుకో.

కరిస్తే ముందు సబ్బు పెట్టి, ధారగా పారే నీళ్లతో 15 నిమిషాలు కడుగు. పసుపు, కారం, సున్నం పూయకు. సర్కారు దవాఖానలో సూదులు ఉచితం. మొదటి రోజు ఒకటి, తర్వాత 3, 7, 28 రోజులకు. రక్తం వచ్చిన గాయమైతే ఇమ్యునోగ్లోబులిన్ కూడా అడుగు. రేబిస్ లక్షణాలు బయటపడ్డంక ఏ డాక్టరూ ఏమీ చెయ్యలేడు. పెంపుడు కుక్కయితే ఠాణాలో ఫిర్యాదు ఇవ్వు. యజమాని నిర్లక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా ఉంది.

ఇవన్నీ ఇప్పుడెందుకంటావా? పిక్క మీది గాటుకు మొదటి సూది వేయించుకొని, రెండోది డ్యూటీ ఉందని ఎగ్గొట్టినవని మీ అమ్మ చెప్పింది. రేపు యాప్‌లో లాగిన్ అయ్యే ముందే దవాఖానకు పో.

మీ మేనమామ