లాగుడు సరంజామా: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: టోయింగ్ ప్యాకేజీ లేని పాత పికప్పు ట్రక్కు నొకదానిని చౌకగా కొంటిని. 8,000 పౌనులు లాగునని ముద్ర గల హిచ్ బజారున దొరకుచున్నది. దానిని నేనే బిగించుకొన్నచో క్యాంపరు ట్రైలరును లాగవచ్చునా?
- ఒక పాఠకుడు, హ్యూస్టన్

జవాబు: బిగించుకొనవచ్చును, లాగవచ్చునా యనునది వేరు ప్రశ్న. కర్మాగారమున టోయింగ్ ప్యాకేజీ పేరిట అమర్చునది వెనుక కనబడు ఇనుప హిచ్ ఒక్కటియే కాదు. పెక్కు ట్రక్కులలో దానితోపాటు గేరుబాక్సు నూనెను చల్లార్చు కూలరు, ఏడు పిన్నుల వైరింగు, ఒక్కొక్కప్పుడు పెద్ద రేడియేటరు, భారము లాగుటకు అనువైన యాక్సిలు నిష్పత్తి, అనగా 3.55కు మారుగా 3.73 వంటిది, చేరియుండును. వీనిలో కడపటిదానిని ఇంటి ముంగిట పానాలతో మార్చుట సామాన్యులకు సాధ్యము కాదు. కాడి గట్టిదైనంతమాత్రమున ఎడ్లకు బలము పెరుగదు గదా! ప్యాకేజీ లేనిచో 5,000 పౌనులు మించరాదని తయారీదారులే నిర్ణయించిన ట్రక్కులు కలవు. కావున ట్రక్కు, హిచ్, బాల్ మౌంటు, బాల్ అను నాలుగింటిలో దేని అంకె అత్యల్పమో అదియే మీ హద్దు.

మరియొక లెక్క కూడ చూడుడు. ట్రైలరు బరువులో 10 నుండి 15 శాతము వరకు హిచ్ మీద పడవలెను. తగ్గినచో ట్రైలరు రోడ్డు మీద అటునిటు ఊగును, మిక్కుటమైనచో ముందు చక్రములు తేలికపడి స్టీరింగు పట్టు తప్పును. ఈ భారము డ్రైవరు తలుపు అంచున అతికించిన చీటీలోని మోత పరిమితిలోనిదే. మీ కుటుంబము, సామాను సైతము ఆ లెక్కలోనివే యని చాలమంది మరతురు.

ఇక బిగించు పని కష్టమైనది కాదు. పెక్కు ట్రక్కుల చాసిస్‌కు రంధ్రములు ముందే యుండును. స్పేరు చక్రమును దించి, హిచ్‌ను జాకీతో ఎత్తి, బోల్టులన్నింటిని చేతితో ఎక్కించిన పిదపనే బిగింపు మొదలిడవలెను. తుది బిగింపు తయారీదారు చెప్పిన అంకె మేరకు టార్కు రెంచితోనే జరుగవలెను. "నా బలమంతయు పెట్టి బిగించితిని" అనువారి మాట నేను నమ్మను.

ప్రశ్న: నాలుగు పిన్నుల కనెక్టరు పెట్టితిని; ట్రైలరు దీపములన్నియు వెలుగుచున్నవి. బ్రేకులు మాత్రము పట్టుట లేదు. లోప మెక్కడ?
- ఒక పాఠకుడు, ఫ్రిస్కో

జవాబు: మీ పనిలో లోపము లేదు. ఆ నాలుగు తీగలు ఎర్తు, వెనుక దీపములు, ఎడమ, కుడి సంకేతములు మాత్రమే మోయును. ఎలక్ట్రిక్ బ్రేకులకు అందులో చోటు లేదు. దానికి ఏడు పిన్నుల కనెక్టరును, డ్యాష్‌బోర్డు క్రింద బ్రేకు కంట్రోలరును అమర్చవలెను. మీ టెక్సాస్ రాష్ట్రమున 4,500 పౌనులకు పైబడిన ట్రైలరునకు బ్రేకులు చట్టరీత్యా అవసరము. వైరింగు ముట్టుకొనుటకు ముందు బ్యాటరీ నెగటివ్ తీగను విప్పుడు. ఎర్తు తీగను రంగు గీకిన శుభ్రమైన లోహమునకే బిగింపుడు. దీపములు మిణుకుమిణుకుమనుటకు తరచుగా కారణము అదియే.

ప్రశ్న: మావారు గేరుబాక్సు కూలరును సైతము స్వయముగా బిగించెదనని పట్టుపట్టియున్నారు. కంపెనీ వారంటీ పోవునేమోయని నా భయము.
- ఒక పాఠకురాలు, డల్లాస్

జవాబు: బయటి సామగ్రి అమర్చినంతమాత్రమున వారంటీ రద్దు కాదు, 1975 నాటి మ్యాగ్నసన్-మాస్ చట్టము కొనుగోలుదారునకు ఆ రక్షణ నిచ్చినది. అయితే ఆ అమరిక వలననే గేరుబాక్సు చెడినచో ఖర్చు మీదే. కూలరు గొట్టములలో ఒక్క చోట నూనె కారినను గేరుబాక్సునకే ముప్పు. కావున హిచ్, వైరింగు మీవారు నిశ్చింతగా చేసికొందురుగాక. కూలరును మాత్రము మెకానిక్కుచే బిగింపించి, రసీదు దాచుకొనుడు.