వెనక్కి తిరగడం తప్పు కాదు

హెలికాప్టరు అందరికీ తెలిసిందే. వరదలు వచ్చినప్పుడు అన్నం పొట్లాలు జారవిడుస్తుంది. ఇళ్ల కప్పుల మీద చిక్కుకున్నవారిని పైకి లాగుతుంది. ఎన్నికలప్పుడు నాయకులను తీసుకొస్తుంది. అది దిగడానికి కాస్త చదునైన చోటు ఉంటే చాలు. దాన్ని నడిపేవారిని పైలట్ అంటారు.

ఇంత వీలైన వాహనానికి కూడా ఒక పెద్ద శత్రువు ఉంది. అది దారిలో చెడిపోయే వాతావరణం.

నల్లమలలో ఏం జరిగింది?

2009 సెప్టెంబరు 2. అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఉదయం హైదరాబాదులోని బేగంపేట నుంచి హెలికాప్టరులో బయలుదేరారు. చిత్తూరు జిల్లాకు వెళ్లాలి. దారిలో వాన, దట్టమైన మబ్బులు. గంట కాకముందే హెలికాప్టరు జాడ తెలియకుండా పోయింది. మరునాడు అప్పటి కర్నూలు జిల్లా నల్లమల అడవిలో, పావురాల గుట్ట మీద ముక్కలై కనిపించింది. అందులో ఉన్న ఐదుగురూ చనిపోయారు.

కేంద్ర ప్రభుత్వం విచారణ సంఘాన్ని వేసింది. కిందికి దూకే బలమైన గాలిలో చిక్కుకుని హెలికాప్టరు అదుపు తప్పిందని ఆ సంఘం తేల్చింది.

కిందికి దూకే గాలి ఏమిటి? వాన పడే ముందు ఒక్కసారిగా చల్లటి ఈదురుగాలి వీస్తుంది కదా! అది ఉరుముల మబ్బులోంచి కిందికి దూకిన గాలే. నేలను తాకి నాలుగు పక్కలకూ పరుచుకుంటుంది. నేల మీద మనకు చల్లగా తగిలే గాలే పైన హెలికాప్టరును కిందికి తోసేస్తుంది. అందుకే ఉరుముల మబ్బుకు దూరంగా ఉండాలి.

మబ్బు కళ్లు కప్పితే?

రెండో గండం చప్పుడు లేకుండా వస్తుంది. అది పొగమంచు, కిందికి దిగిన మబ్బు. దానిలోకి వెళితే అంతా తెలుపే. కొండ కనపడదు, నేల కనపడదు. అప్పుడు పైలట్‌ను సొంత ఒళ్లే మోసం చేస్తుంది.

ఎలాగంటారా? పిల్లలు గిరగిరా తిరిగి ఆగుతారు. కాళ్లు ఆగినా తల తిరుగుతూనే ఉంటుంది. మన చెవి లోపల సన్నని గొట్టాలున్నాయి. వాటిలో నీరులాంటి ద్రవం ఉంది. మనిషి ఆగినా ఆ ద్రవం కాసేపు కదులుతూనే ఉంటుంది. 'ఇంకా తిరుగుతున్నావు' అని మెదడుకు తప్పుడు కబురు పంపుతుంది. కళ్లు చూసి ఆ తప్పును దిద్దుతాయి. మబ్బులో కళ్లకు ఏమీ కనపడదు. ఇక దిద్దేదెవరు? పైలట్ ముందున్న పరికరాలే దిద్దాలి. వాటిని మాత్రమే నమ్మి నడపడానికి వేరే శిక్షణ కావాలి.

1954లో అమెరికాలో ఈ శిక్షణ లేని 20 మందిని పరీక్షించారు. విమానం నడిపేటప్పుడు వారికి బయట ఏమీ కనపడకుండా చేశారు. 20 మందీ అదుపు తప్పారు. అందుకు పట్టిన సమయం సగటున 178 సెకన్లు. అంటే 3 నిమిషాలు కూడా కాదు!

ఎవరూ తొందర పెట్టలేదు

2020 జనవరి 26న అమెరికాలోని కాలిఫోర్నియాలో ఒక హెలికాప్టరు బయలుదేరింది. అందులో కోబీ బ్రయంట్ అనే పేరున్న బాస్కెట్‌బాల్ ఆటగాడు, 13 ఏళ్ల ఆయన కూతురు ఉన్నారు. పైలట్‌తో కలిపి మొత్తం తొమ్మిదిమంది. పైలట్ కొత్తవాడు కాదు. 8 వేల గంటలకు పైగా ఎగిరిన అనుభవం ఉంది.

దారిలో కొండల దగ్గర మబ్బు కమ్ముకుంది. పైలట్ మబ్బును దాటి పైకి పోదామనుకున్నాడు. 'పైకి వెళ్తున్నాను' అని రేడియోలో చెప్పాడు. కానీ అప్పటికే హెలికాప్టరు వేగంగా కిందికి దిగుతోంది! ఆ సంగతి ఆయనకు తెలియలేదు. హెలికాప్టరు కొండకు గుద్దుకుంది. తొమ్మిదిమందీ చనిపోయారు.

విచారణలో యంత్రంలో లోపమేదీ కనపడలేదు. వెళ్లి తీరాలని ఎవరూ పట్టుబట్టలేదు. పైలట్ తనను తానే తొందర పెట్టుకుని ఉంటాడని విచారణాధికారులు చెప్పారు. 'ఇంత దూరం వచ్చాం, ఇంకొంచెమే కదా' అనే ఆలోచన ఎంత అనుభవం ఉన్నవారినైనా లాగుతుంది. దారిలో ఒక విమానాశ్రయం ఉంది. అక్కడ దిగి ఆగి ఉండవచ్చు.

మంచి పైలట్ ఏం చేస్తారు?

1. బయలుదేరే ముందే దారిలోనూ, చేరే చోటా వాతావరణం ఎలా ఉందో కనుక్కుంటారు.

2. నేల మీదే ఒక హద్దు పెట్టుకుంటారు. 'ఇంత దూరం కనపడకపోతే ముందుకు పోను' అని అనుకుంటారు. గాలిలో ఆ హద్దు మార్చరు.

3. చూపు తగ్గుతుంటే వేగం తగ్గిస్తారు. వెనక దారి తేటగా ఉండగానే తిరిగిపోతారు.

4. తిరగడం కుదరకపోతే దగ్గరలో ఖాళీ స్థలం చూసి దిగుతారు.

5. పొరపాటున మబ్బులో చిక్కుకుంటే ఒంటిని నమ్మరు, పరికరాలనే నమ్ముతారు. రేడియోలో సాయం అడుగుతారు.

ఎక్కేవారికీ బాధ్యత ఉంది. 'తొందరగా పోనీ' అనకూడదు. 'వీలు కాకపోతే తిరిగిపోదాం' అని ముందే చెప్పాలి. ఆ ఒక్క మాట పైలట్ మీద బరువు తగ్గిస్తుంది.

మనలో చాలామంది హెలికాప్టరు ఎక్కకపోవచ్చు. కానీ వానాకాలంలో వాగు పొంగి రోడ్డు మీద పారుతుంటే ఆటోలోనో, ట్రాక్టరు మీదో ఉంటాం. 'ఇంకొంచెమే కదా, పోనీ' అనాలనిపిస్తుంది. అప్పుడు ఆగమని చెప్పేవారు పిరికివారు కారు. పెళ్లికి ఆలస్యమైతే నలుగురూ నాలుగు మాటలంటారు, అంతే. బతికుంటే బలుసాకు తినవచ్చు అన్నారు పెద్దలు.

చదివి చెప్పండి

1. వాన ముందు వీచే ఈదురుగాలి ఎక్కడి నుంచి వస్తుంది?

2. మబ్బులో పైలట్ ఒంటిని ఎందుకు నమ్మకూడదు?

3. కాలిఫోర్నియా పైలట్ ముందుకు పోకుండా ఏం చేసి ఉండవచ్చు?

4. మీ ఊరి దారిలో పొంగే వాగు ఉందా? నీరు ఎంతవరకు వస్తే ఆగిపోవాలి? అందరూ కలిసి మాట్లాడుకుని ఆ హద్దు ఇప్పుడే రాసుకోండి.