పెరటి దోసలో పుచ్చు లేకుండ కాయలు పండించుట

మీ పెరటిలో నాలుగు కీర దోస పాదులున్నచో ఇంటి వాడుకకు కాయలు కొనవలసిన పని యుండదు. కాని తీగ ఏపుగా పాకినను, పిందెలు వంకర తిరిగి కుళ్లిపోవుట, నిలిచిన కాయలు చేదెక్కుట తరచుగా చూచుచుందుము. దోసకాయను పచ్చిగానే తిందుము. పిల్లలకు కోసి పెట్టుదుము. కనుక విషపు మందులతో పని లేకుండ దీనిని పండించుకొనుట మేలు. ప్రతిదినము కొంతసేపు పాదును చూచుకొనువారికి ఇది కష్టము కాదు.

పాదులు: వర్షకాలపు పంటకు జూన్, జూలైలలోను, వేసవి పంటకు జనవరి, ఫిబ్రవరులలోను విత్తవచ్చును. ఎండ తగులునట్టి, నీరు నిలువని చోటు కావలెను. మూడేసి అడుగుల ఎడముగా అడుగున్నర లోతు గుంటలు త్రవ్వి, ఒక్కొక్క దానిలో చివికిన పశువుల ఎరువు ఒక తట్టెడు, వేపపిండి రెండు గుప్పెళ్లు మట్టితో కలిపి నింపవలెను. గుంటకు 4 గింజలు అర అంగుళము లోతున నాటి, మొలచిన పిమ్మట బలమైన రెండు మొక్కలను ఉంచవలెను. తీగను పందిరికి ప్రాకించినచో గాలి ఆడును, కాయ నేలనంటదు.

నీరు: కాయ చేదగుటకు కుకుర్బిటాసిన్ అను పదార్థము కారణము. నీటి ఎద్దడి, వేడిమి కలిగినప్పుడు ఇది కాయలో హెచ్చును. కనుక పూత మొదలు కోత ముగియువరకు తడి ఆరనీయరాదు. ఉదయమున మొదట మాత్రమే నీరు పోసి, ఆకులు తడవకుండ చూడవలెను. పాదులో ఎండుగడ్డి పరచినచో తడి నిలుచును.

పూత: మొదట వచ్చునవి మగపూలు. అవి రాలినచో దిగులు పడనక్కరలేదు. ఆడపూవు అడుగున చిన్న పిందె కనిపించును. నాటు రకములలో తేనెటీగ వాలనిదే ఆ పిందె నిలువదు. అందుచే పూలు విచ్చియున్న ఉదయపు వేళ ఏ మందును చల్లరాదు. తేనెటీగలు రానిచోట మగపూవును కోసి, రేకులు తీసి, దాని పుప్పొడిని ఆడపూవు నడుమ అంటింపవలెను.

పురుగులు: లేత మొక్కల ఆకులను ఎర్ర పెంకుపురుగులు జల్లెడవలె కొరికివేయును. తెల్లవారగనే అవి చురుకుగా ఉండవు. అప్పుడు ఏరి కిరసనాయిలు కలిపిన నీటిలో వేయవలెను.

అన్నిటికన్న నష్టము చేయునది పండు ఈగ. ఇది లేత పిందెను పొడిచి లోపల గ్రుడ్లు పెట్టును. పిల్ల పురుగులు గుజ్జు తిని, పిమ్మట మట్టిలోనికి దిగి, మరల ఈగలై పైకి వచ్చును. కనుక పుచ్చిన కాయలను పెంటకుప్పపై పారవేయుట ఈగలను పెంచుటయే యగును. వానిని ఏ రోజుకారోజు ఏరి రెండు అడుగుల లోతున పూడ్చవలెను. పాదు చుట్టు మట్టిని అప్పుడప్పుడు త్రవ్వి ఎండనిచ్చి, నిలిచిన పిందెలకు కాగితపు సంచులు తొడుగవలెను. క్యూ లూర్ ఎర బుట్టను కట్టినచో మగ ఈగలు చిక్కును.

బూడిద తెగులు: ఆకులపై తెల్లని పొడి కనిపించగనే గంధకము చల్లకూడదు, ఎండవేళ అది దోస ఆకులను మాడ్చును. తెగులు సోకిన ఆకులను త్రుంచి దూరముగా కాల్చివేయవలెను.

కోత: విత్తిన 45, 50 దినములకు కాయలు అందును. రెండు దినములకొకసారి లేతగా కోయవలెను. కాయ తీగపైనే ముదిరినచో క్రొత్త పిందెలు తగ్గును.