రిమోటు పంపేది అంకె, అర్థం చెప్పేది మనం

టీవీ పాడైతే దాని రిమోటును కూడా మూలన పడేస్తాం. నిజానికి ఆ రిమోటుకు టీవీ అంటే ఏమిటో తెలియదు. మీట నొక్కితే ఒక అంకెను వెలుగు రూపంలో పంపడమే దాని పని.

ఆ వెలుగు పరారుణం. తరంగదైర్ఘ్యం సుమారు 940 నానోమీటర్లు, అందుకే మన కంటికి ఆనదు. ఎండలోనూ పరారుణం ఉంది గదా, మరి గ్రాహకం తికమక పడదా? రిమోటు దీపం సాధారణంగా సెకనుకు 38,000 సార్లు మిణుకుతుంది. మందలో ఎన్ని గంటలు మోగినా మన ఆవు గంటను చెవి పట్టినట్లు, గ్రాహకం ఆ మిణుకునే పట్టుకుంటుంది.

ఎన్.ఇ.సి. పద్ధతిలో ముందు 9 మిల్లీసెకన్ల వెలుగు, 4.5 మిల్లీసెకన్ల విరామం. ఇది "వినవోయ్" అనే పిలుపు. తర్వాత 32 బిట్లు. ఒక్కో మిణుకు తర్వాత విరామం పొట్టిదైతే 0, పొడవైతే 1.

ఇంట్లో సినిమాలు, పాటలు నడిపే రాస్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటరుకు 3.3 వోల్టులతో పనిచేసే మూడు కాళ్ళ గ్రాహకాన్ని కలపవచ్చు. కాళ్ళ వరుస ఒక్కో రకానికి ఒక్కోలా ఉంటుంది. డేటా షీటు చూడనిదే కలపరాదు. అమరికల ఫైలులో ఆ పిన్ను పేర్కొన్నాక, లినక్సులోని ఐఆర్-కీటేబుల్ అనే ప్రోగ్రాం ఏ మీటకు ఏ అంకె వస్తోందో చూపిస్తుంది. ఆ అంకెల ఎదుట ఏ పని చేయాలో పట్టిక రాసిపెడితే, 'కోడి' అనే సాఫ్ట్‌వేరు ఆ ప్రకారం నడుచుకుంటుంది.

పొలం నుంచి వచ్చిన మా నాన్నకు మౌసు కొత్త, రిమోటు పాత చుట్టం. మనిషి చేతి అలవాటుకు తగ్గట్టు యంత్రాన్ని దిద్దడం కూడా మన చదువులో భాగమే, మిత్రులారా!