ముక్కనుమనాటి పని

రాజమహేంద్రవరము,
ముక్కనుమ.

చిరంజీవి సౌభాగ్యవతి మనుమరాలిని తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

జనవరి మొదటి తేదీ మొదలు సంక్రాంతి వరకు మీ యింటికి వచ్చిన గ్రీటింగు కార్డులు పూర్వపు సంవత్సరములవాటితో కలిసి బల్లసొరుగు పట్టక పొర్లుచున్నవనియు, పారవేయుటకు మనసొప్పుటలేదనియు, అట్లని దాచు విధమును తెలియుటలేదనియు నీవు వ్రాసిన జాబు చదివి సంతోషించితిని. ఏలయన ఈ ప్రశ్నను నలువదియేండ్ల క్రిందట నేనే వేసికొనియుండినచో నాకొక తీరని నష్టము తప్పియుండెడిది.

నా బాల్యమిత్రుడొకడు ప్రతి సంక్రాంతికిని ఒక కార్డు పంపెడివాడు. మితభాషి యగుటచే, అచ్చువేసిన శుభాకాంక్షల క్రింద తన దస్తూరితో ఒక్కటే వాక్యము చేర్చెడివాడు: ఒక యేడు మినుము బాగుగా కాచినదని, ఒక యేడు తల్లి పోయినదని, ఒక యేడు చూపు మందగించినదని. వానినన్నిటిని నేను పాత వార్తాపత్రికలో చుట్టి అటకపై నుంచితిని. అతడు గతించిన మరుసటి యేట, భోగినాటి తెల్లవారుజామున, మన యింటి పిల్లలు అటక దులిపి, విరిగిన పీటలతోను చిరిగిన తట్టలతోను బాటు ఆ కట్టను కూడ మంటలో వైచిరి. పిల్లల తప్పేమున్నది? పేరైన వ్రాయక పాతపత్రికలో చుట్టిపెట్టినదానిని ఎవరైనను చెత్తయనియే భావింతురు. ఒక మనిషి జీవితము సంవత్సరమున కొక్క వాక్యము చొప్పున నాకడ నుండినది. దానిని నేను నిలుపుకొనలేకపోతిని.

అశుభవార్త తెచ్చిన జాబును చదివినంతనే చింపివేయు ఆచారము మన యిండ్లలో కలదు. తక్కిన జాబులను గోడకు వ్రేలాడు ఇనుపతీగకు గ్రుచ్చెడివారము. తీగ త్రుప్పుపట్టి ప్రతి జాబునకును నడుమ గోధుమరంగు మచ్చ నేర్పరచెడిది. శుభము తెచ్చిన కాగితమును చెడకుండ దాచు ఆచారము మాత్రము నా కెచ్చటను కానరాలేదు. కావున దానిని నీవే యేర్పరచుకొనవలెను.

అన్నిటిని దాచనక్కరలేదు. అందరికిని విడివిడిగా జాబులు వ్రాయ తీరికలేకనే కదా 1843లో లండనులో హెన్రీ కోల్ అనునతడు హార్స్‌లీ అను చిత్రకారునిచేత బొమ్మ గీయించి తొలి క్రిస్మస్ కార్డు నచ్చువేయించినది! వ్రాత శ్రమ తప్పించుటకే పుట్టిన వస్తువు గనుక, దానిపై ఎవరైనను పనిగట్టుకొని ఒక పంక్తి వ్రాసినచో ఆ పంక్తియే దాచదగినది, బొమ్మ కాదు. కవరు నంటింపక, పైన ‘బుక్ పోస్టు’ అని వ్రాసి, తక్కువ బిళ్లతో పంపినవానిలో తరచుగా సంతకము తప్ప మరేమియు నుండదు. కవరంటించి పూర్తి బిళ్ల వేసినవాడు లోపల ఏదో చెప్పదలచినవాడు. అట్టి కవరులను ముందుగా విప్పి చూడుము. దుకాణములవారు పంపినవానిని పిల్లలకు బొమ్మలు కత్తిరించుకొన నిమ్ము.

మిగిలినవానిని సంవత్సరముల వారీగా గాక మనుషుల వారీగా కూర్చుము. ఒకే చేతివ్రాత యేటేట మారుటయు, గుండ్రని యక్షరములు క్రమముగా వణకుటయు, ఒక యింటి సంతకముల నడుమ క్రొత్త పసిపేరు చేరుటయు అప్పుడు గాని కంటబడవు. ప్రతి కార్డు వెనుకను పెన్సిలుతో, సిరాతో కాదు, పంపినవారి పూర్తి పేరు, నీకు వారితోగల సంబంధము, సంవత్సరము వ్రాయుము. ‘మీ బాబాయి’ అను సంతకము నేడు నీకు చాలును. ముప్పదియేండ్ల పిదప నీ కుమారుని కది ఏ బాబాయియో తెలియదు. తేదీ వేయు అలవాటు మనవారిలో తక్కువ గనుక కవరును పారవేయవలదు. తపాలా ముద్రలో ఊరును తేదీయు నుండును. కవరుమీది చిరునామాలను ఒక పుస్తకములో నెక్కించుట మరువకుము.

ఇక దాచు విధము. గుండుసూది త్రుప్పుపట్టును, రబ్బరు బ్యాండు కరగి కాగితమునకంటుకొనును, సెల్లోటేపు పసుపుబారి మరక విడుచును. నూలు దారముతో వదులుగా కట్టుట మేలు. నునుపు కాగితపు కార్డులు చెమ్మకు ఒకదానికొకటి అతుకుకొనును గావున నడుమ తెల్లకాగితము వేయుము. వార్తాపత్రిక వలదు, అది తాను మాగుటయే గాక ప్రక్కదానిని గూడ మాగించును. పసుపు రాచిన శుభలేఖలకు వేరుకట్ట. ప్లాస్టికు సంచిలో బిగించినచో లోపలి చెమ్మ బయటకు పోదు. అట్టపెట్టెయో ట్రంకు పెట్టెయో తీసికొని, బాగుగా నెండిన వేపాకు గుడ్డమూటలో కట్టి ఒక మూలనుంచి, నేలకును వెలిగోడకును తగులకుండ బీరువాలో పెట్టుము. అటకమీద మాత్రము పెట్టకుము. వర్షములు వెనుకబట్టిన పిదప ఒకనాడు నీడలో ఆరవేయుము; ఎండలో సిరా వెలిసిపోవును. పెట్టెపై పెద్ద యక్షరములతో పేరు వ్రాయుట అన్నిటికంటె ముఖ్యము. ఎందుకో నీకు చెప్పియే యున్నాను.

నీ కార్డు మొన్న భోగినాడే చేరినది. నీ కుమారుడు దానిపై ‘ముత్తాతకు’ అని వ్రాయబోయి తకారమునకు వత్తు మరచినాడు. వానిని దిద్దవలదు. వెనుక వాని వయస్సును సంవత్సరమును పెన్సిలుతో వ్రాసి, కవరుతో సహా నీ పేరిటి కట్టలో చేర్చితిని.

ఇట్లు,
ఆశీస్సులతో,
తాతయ్య