రక్తమెక్కించుకొను బిడ్డల మనసు

తీవ్రమైన తలసీమియాతో పుట్టిన బిడ్డ శరీరము తగినంత రక్తమును తయారుచేసికొనలేదు. రెండు మొదలు నాలుగు వారములకొకసారి రక్తమెక్కింపవలసియుండును. హైదరాబాదులో 1998లో ఏర్పడిన తలసీమియా, సికిల్ సెల్ సంఘము ఇట్టి పిల్లలకు సేవ చేయుచున్నది. కౌకూరు, శామీర్‌పేట వైపువారికి నగరము దగ్గరే. అయినను ఆసుపత్రి దగ్గరగా నున్నంత మాత్రమున బిడ్డ మనసులోని బాధ తీరదు.

ఆ బాధ ఎట్టిదో చూతము. మాటిమాటికి రక్తమెక్కించుటచే ఒంటిలో ఇనుము పేరుకొనును. దానిని వెడలించుటకు వేరే మందు వాడవలెను. ఎదుగుదల మందగించి 12 ఏండ్ల బాలుడు 8 ఏండ్లవానివలె కనబడవచ్చును. తోటిపిల్లలు పొట్టివాడని వెక్కిరింతురు. పెద్దలు పసివానితోవలె మాటలాడుదురు. ఈ రెండవదే వానిని ఎక్కువ నొప్పించునని మేము తలచెదము. "పాపము, ఎన్నాళ్లుండునో" యని వాడు వినునట్లు అనుట మరింత క్రూరము. పైగా అది నిజమును కాదు. సరియైన చికిత్స పొందినవారు పెద్దవారై ఉద్యోగములు చేయుచున్నారు, పెండ్లిండ్లు చేసికొనుచున్నారు.

వ్యాధి సంగతిని వయసుకు తగినట్లు బిడ్డకు చెప్పవలెను. దాచినచో, తాను చేసిన తప్పేదో కలదని వాడు అనుకొనవచ్చును. తల్లిని నిందించు ఇండ్లును కలవు. ఈ లక్షణము తల్లిదండ్రులిద్దరినుండియు వచ్చును.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టమున తలసీమియా చేరినది; ధ్రువపత్రము పొందుటకు సభ్యులు తోడ్పడవచ్చును. బడికి పోయినపుడు, ఆసుపత్రి దినములలో తప్పిన పాఠములను ఆ బిడ్డకు ఎవరు చెప్పుచున్నారో, వైద్యుడు వద్దనని ఆటలకు వానిని పిలుచుచున్నారో లేదో అడుగవలెను.