సీతమ్మ చేతులు ఏం చెబుతున్నాయి?

ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లల్లో చాలామంది తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. వాళ్ళకు రామాయణం ముందుగా బొమ్మల్లోనే చేరుతుంది. కాబట్టి శ్రీరామనవమికి పిల్లలతో బొమ్మలు గీయించే తల్లిదండ్రులకు ఒక మనవి: ముఖంతో మొదలుపెట్టించకండి. ఎలా కూర్చుంది, ఎటు తిరిగింది, చేతులు ఎక్కడున్నాయి, ముందు అవి గీయించండి. చెంప మీద రెండు కన్నీటి బొట్లు పెట్టడం తేలికే. భయంతో ఏడుస్తోందో, సంతోషంతో ఏడుస్తోందో ఆ బొట్లు చెప్పలేవు.

సుందరకాండలో అశోకవనం చూడండి. రావణుడు రాగానే సీతమ్మ కాళ్ళు దగ్గరకు ముడుచుకుని, చేతులు ఎదకు అడ్డం పెట్టుకుని వణుకుతూ కూర్చుంటుందని వాల్మీకి చెప్పాడు. అయినా జవాబు చెప్పేముందు మధ్యలో ఒక గడ్డిపరక పెడుతుంది. బొమ్మలో అది సన్నని గీతే. అది లేకపోతే ఆమె భయపడిన స్త్రీగానే మిగిలిపోతుంది.

తరువాత హనుమంతుడు. అతను దగ్గరకు వస్తున్నకొద్దీ, రావణుడే వేషం మార్చి వచ్చాడేమోనని ఆమెకు అనుమానం పెరుగుతుంది. పట్టుకున్న అశోక కొమ్మ వదిలేసి నేల మీద కూర్చుండిపోతుంది. అతను నమస్కరించినా, భయంతో మళ్ళీ అతని వైపు చూడదు. ఇద్దరి మధ్య కాగితం మీద బాగా ఖాళీ వదలమనండి. మన పిల్లలు హనుమంతుడంటే గద ఎత్తి, ఛాతీ విరిచి గీస్తారు. ఇక్కడ అలా గీస్తే సీతమ్మ భయం నిజమే అనిపిస్తుంది! నడుము వంగాలి, చేతులు జోడించాలి, తోక నేలకు ఆనాలి. తోక మాట వాల్మీకిది కాదు, నాది.

ఉంగరం అందుకున్నాక భర్తే ఎదురుగా వచ్చినంత సంతోషం ఆమెది. వెనక్కి వాలిన నడుము ముందుకు వస్తుంది, ముడిచిన చేతులు విచ్చుకుంటాయి. మధ్యలోని ఖాళీ తగ్గిపోతుంది.

తోలుబొమ్మకు ముఖం ఒకసారి రంగు వేస్తే మారదు. కోపమైనా దుఃఖమైనా భుజం, మోచేయి దగ్గర కదిలే చేతులే చూపాలి. ఇంట్లో బాపు గారి రామాయణం బొమ్మలుంటే ముఖాన్ని వేలితో మూసి, ఎవరికి ఏమనిపిస్తోందో పిల్లల్ని అడగండి. గీసేముందు మీరు సీతమ్మగా కూర్చుని, పిల్లవాణ్ణి హనుమంతుడిగా రమ్మనండి. ఫోనులో ఒక ఫోటో తీసుకుంటే వంపులు సులువుగా దొరుకుతాయి.

చూడామణి ఇచ్చే బొమ్మ మాత్రం పిల్లలకే వదిలేయండి. బట్టలో దాచుకున్నదాన్ని విప్పి ఇచ్చిందని ఒక్కమాట చెబితే చాలు.